పాతనోటు పద్యం: టీకా తాత్పర్యం

సింహ మొక్క వైపు, సీమరా జొకవైపు,
మూడు లిపుల నడుమ మురిసె నోటు;
అంగడయ్య చూచి యక్కర లేదనె,
పాతనోటు పిచ్చి ప్రాణ మిచ్చె.

అవతారిక: కావ్యానికి కవి ఒకడు, వ్యాఖ్యాత ఒకడు, ఇద్దర్నీ తప్పుపట్టేవాడు ఇంకొకడు ఉండటం ఆచారం. ఈ ఆటవెలదికి ముగ్గురూ నేనే. బీరువాలో చీరల అర ఖాళీ చేయించి నోట్ల ఆల్బమ్ పెట్టుకున్న రోజున "ఏముందండీ వీటిలో?" అని మా ఆవిడ అడిగింది. పద్యంతో జవాబు చెప్పాను. "మీ నోట్లే నయం, పద్యం అసలు అర్థం కాలేదు" అంది. అందుకీ టీక. ఇక్కడ వర్ణ్యవస్తువు ఈస్ట్ ఆఫ్రికన్ కరెన్సీ బోర్డు వారి ఇరవై షిల్లింగుల నోటు. ఆ బోర్డు పుట్టింది 1919లో, కూర్చున్నది లండన్‌లో. దాని నోట్లు చెల్లింది మాత్రం కెన్యా, ఉగాండా, టాంగన్యీకాల్లో, 1936 నుంచి జాంజిబార్‌లోనూ.

టీక: సింహ మొక్క వైపు = సింహము, ఒక్క వైపు. పదవిభాగం తెలియని వారు "సింహమొక్క" అనే వనమూలిక ఏదో ఆ దేశంలో మొలుస్తుందనుకుంటారు. అపార్థం. నోటు వెనుక అచ్చయినది నాలుగు కాళ్ల సింహమే. ఎన్నో జంతువులుండగా సింహమే ఎందుకని శంక. ఇంగ్లండు రాచముద్రలోనూ సింహమే ఉంది కాబట్టి దొరలకు చుట్టరికం అని ఒక సమాధానం. నాకు ఇంకొకటి తోస్తుంది. 1898లో కెన్యాలోని సావో నది మీద రైలు వంతెన కడుతున్నప్పుడు రెండు సింహాలు రాత్రిళ్లు గుడారాల్లోంచి కూలీలను ఈడ్చుకుపోయి పనే ఆపించాయి. ఆ కూలీలు మన దేశంనుంచి ఓడెక్కి వెళ్లినవారు. అలాంటి జంతువును కాగితం మీదికి ఎక్కించి బంధించడం కూడా ఒక రకం వేటే.

సీమరాజు = రాయలసీమ వాడు కాడు. సీమచింత, సీమసరుకు అన్నప్పటి సీమ; అనగా ఇంగ్లండు. రాజు ఆరో జార్జి. మన తాతల రూపాయి నోటు మీద ఉన్నదీ ఈయనే. 1953 తర్వాతి నోట్ల మీద రెండో ఎలిజబెత్ రాణి ఉంది కదా, "సీమరాణి" అని పాఠం ఉండొచ్చు కదా అని ఆక్షేపణ. ఉండటానికి వీల్లేదు, "సీమరాణి యొకవైపు" అంటే గణం చెడుతుంది. కాబట్టి కవి చూసిన నోటు రాణికి ముందుదే. నోటు కాలనిర్ణయానికి తేదీ, సంతకాలు, సీరియల్ నంబరు చూస్తారు సేకర్తలు. ఛందస్సుతో నిర్ణయించింది బహుశా నేనొక్కణ్ణే.

మూడు లిపుల నడుమ = ఇంగ్లీషు, అరబ్బీ, గుజరాతీ అక్షరాల మధ్య. ఇక్కడ పాఠకుడు ఆగాలి. నేను మొదటిసారి భూతద్దం పట్టుకుని చూసినప్పుడు ఆగిపోయాను. ఇంగ్లీషు సరే, ఏలినవారిది. తీరమంతా శతాబ్దాలుగా ఓడ వర్తకం, జాంజిబార్ సుల్తాను ఏలుబడి కాబట్టి అరబ్బీ సరే. తలమీద గీత లేని ఆ గుజరాతీ అక్షరాలు నైరోబీ నోటు మీద ఏం చేస్తున్నాయి?

జవాబు రూపాయిలో ఉంది. షిల్లింగు రాకముందు ఆ సీమల్లో చెల్లింది మన రూపాయే. తీరంలో కచ్ఛీ, గుజరాతీ వర్తకుల లెక్కలు రూపాయిల్లో నడిచేవి. 1896లో ఉగాండా రైలు పని మొదలయ్యాక ముప్పై వేలకు పైగా కూలీలు ఇక్కడినుంచి వెళ్లారు. జాంజిబార్ ప్రభుత్వం 1908లో వేసిన నోట్లు రూపాయి నోట్లే. ఒక మూల తెరచాప పడవ, ఒక మూల లవంగాలు కోసేవాళ్లు. పక్కన జర్మన్లు ఏలిన భాగంలో కూడా డబ్బు పేరు రూపీయే. 1904లో దానికి చిల్లర పైసల్లోంచి హెల్లర్లలోకి మార్చారు. పైస, హెల్లరు రెండూ పోయాయి. కానీ స్వాహిలీలో ఈనాటికీ డబ్బును "పేసా" అంటారు, టాంజానియాలో "హేలా" అని కూడా అంటారు. నోట్లు రద్దు చేయొచ్చు గానీ నోళ్లను రద్దు చేయలేరు.

రూపాయి ఎందుకు పోయింది? వెండి వల్ల. మొదట పౌనుకు పదిహేను రూపాయలు. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యేసరికి వెండి ధర పెరిగి రూపాయి బలిసింది. 1920లో పౌనుకు పది రూపాయలని ఖాయం చేసి, రూపాయి స్థానంలో ఫ్లోరిన్ అనే దాన్ని తెచ్చారు. అది ఏడాది కాగానే ఫ్లోరిన్‌ను రెండు ముక్కలు చేసి షిల్లింగు అన్నారు. లెక్క చూడండి: నూరు పౌనులని 1500 రూపాయలు అప్పు తెచ్చుకున్న తెల్ల భూస్వామి, మర్నాటికి 150 పౌనులు బాకీ. ఆ భారం అతను ఎవరి మీదికి తోస్తాడు? 1921లో కెన్యాలో ఆఫ్రికన్ కూలీల జీతాల్లో మూడో వంతు కోయాలని తీర్మానించుకున్నారు. దానిమీద గొంతెత్తిన హ్యారీ థుకూను 1922 మార్చిలో అరెస్టు చేశారు. విడిపించమని నైరోబీలో గుమిగూడిన జనం మీద కాల్పులు జరిగి ఇరవై మందికి పైగా చనిపోయారు. "మురిసె నోటు" అన్న చోట కవి కాస్త తొందరపడ్డాడని నా అభిప్రాయం.

పైగా మూడు లిపులు రాశారు గానీ, ఆ నోటు ఏ చేతుల్లో ఎక్కువ నలిగిందో ఆ చేతుల భాష ఒక్కటీ లేదు. స్వాహిలీ లేదు, కికుయు లేదు, లువో లేదు, గాండా లేదు. కాఫీ కోసినవాడూ, రాళ్లు కొట్టినవాడూ రంగును బట్టీ సైజును బట్టీ నోటును పోల్చుకోవాలి. వాక్యంలో లేని పదాన్ని అర్థం కోసం పైనుంచి తెచ్చుకోవడాన్ని అధ్యాహారం అంటారు. ఈ నోటులో కర్తనే అధ్యాహారం చేసుకోవాలి.

అంగడయ్య = దుకాణదారు. అంగడిని స్వాహిలీలో "దూకా" అంటారు. అరబ్బీ దుక్కాన్ మనకు దుకాణమైంది, వాళ్లకు దూకా అయింది. ఒకే తల్లి పిల్లలు. చూచి = ఎగాదిగా చూసి. అక్కర లేదనె = చెల్లదు పొమ్మనెను. అందులో తప్పు లేదు. 1966లో కెన్యా, ఉగాండా, టాంజానియా తమ తమ బ్యాంకులు పెట్టుకుని సొంత షిల్లింగులు వేసుకున్నాక ఈ సింహం పని అయిపోయింది.

పాతనోటు పిచ్చి = ఇది సమాసం. పాతనోటు మీది పిచ్చి అని కొందరు, పాతనోటు అనెడి పిచ్చి అని కొందరు, పాతనోటు వలన పట్టిన పిచ్చి అని మా ఇంట్లోవారు. ముదిరినవారిని చూడాలంటే జర్మన్ ఈస్ట్ ఆఫ్రికా యుద్ధకాలపు నోట్ల దగ్గరికి వెళ్లాలి. సముద్రం మీద బ్రిటిష్ ఓడలు కాపు కాయడంతో బెర్లిన్ నుంచి నోట్లు రాలేదు. 1915 నుంచి అక్కడే దొరికిన కాగితం మీద, దొరికిన అచ్చుతో వేసి, గుమాస్తాల చేత సంతకాలు పెట్టించారు. 1917 నాటికి అడవిలోనే, పిల్లలాడుకునే రబ్బరు అచ్చక్షరాలతో వేశారని చెబుతారు. వాటి పేరే బుష్ నోట్లు. ఏ రంగు కాగితం, ఏ గుమాస్తా సంతకం, ఏ అక్షరం వంకర అని వాటిని వేరు చేసుకుంటూ జీవితాలు గడిపినవారున్నారు. తాళపత్రాల్లో లేఖక దోషాల కోసం కళ్లు పోగొట్టుకున్న మన పండితులకు వీళ్లు పరాయివాళ్లు కారు.

ప్రాణ మిచ్చె = పూర్వపక్షం: పిచ్చి నోటుకు ప్రాణం పోసింది. సిద్ధాంతం: పిచ్చివాడే నోటు కోసం తన ప్రాణం ఇచ్చాడు. నిదర్శనం చెబుతాను. ముడతలు పడి ఉందని జాలిపడి మా ఆవిడ ఒక నోటుకు గంజి పెట్టి ఇస్త్రీ చేసింది. చూడగానే నాకు పోయింది అదే. నోటును కడగరాదు, ఇస్త్రీ చేయరాదు. మెత్తటి పీవీసీ కవర్లలోనూ పెట్టరాదు, కొన్నేళ్లకు ఆ ప్లాస్టిక్ చెమట పట్టి నోటుకు అంటుకుంటుంది. ఇది ధర్మశాస్త్రం, అతిక్రమిస్తే ధర సగం.

అలంకారం: విరోధాభాసం. చెల్లిన రోజుల్లో ఇరవై షిల్లింగులే. చెల్లకుండా పోయాక మంచి స్థితిలో ఉన్నదానికి నెల జీతం అడుగుతున్నారు.

తాత్పర్యం: ఒకడు నోటు కొన్నాడు. భార్యకు చెప్పలేదు.

విశేషాంశం: టీక ముగించి నోటును తిరిగి ఆల్బమ్‌లో పెడుతూ అంచు దగ్గర పెన్సిలు గీత చూశాను. 7/50 అని ఉంది. అంటే ఏడు షిల్లింగుల యాభై సెంట్లు. ఇరవైలోంచి ఎవరో తీసేసిన బాకీనో, మిగిలిన చిల్లరో. అంకెల కింద ఒక పొడి అక్షరం, ఏ భాషదో చెరిగిపోయింది. నాలుగు మడతల గుర్తు దాని మీదుగానే పోతోంది. కాబట్టి రెండో పాదానికి పాఠాంతరం ప్రతిపాదిస్తున్నాను:

నాల్గు లిపుల నడుమ నలిగె నోటు.

గణాలు సరిపోయాయి. యతి కూడా కుదిరింది.