పంచుడు నాలుగు చూపెను: టీకా తాత్పర్య సహితం

మూలం: "మహేంద్రుడు కాలు వేసెను, సికందరుడు ఒరిగెను, పంచుడు నాలుగు చూపెను."

ఇంతే మూలం. ఛందస్సు లేదు, కవి పేరు లేదు. 2023 జనవరిలో పుణె కోథ్రూడ్‌లో జరిగిన మహారాష్ట్ర కేసరి పోటీల్లో, మట్టి విభాగం చివరి కుస్తీలో, రెప్పపాటులో అయిపోయిన ఒక సంగతికి ఈ టీకాకారుడే కట్టిన మూడు ముక్కల వచనం. ప్రతిపదార్థం: మహేంద్రుడు అనగా ఐరావతమెక్కి తిరిగేవాడు కాడు, మంగళ్‌వేఢా తాలూకా పహిల్వాన్ మహేంద్ర గాయక్వాడ్. సికందరుడు అనగా పురుషోత్తముడితో తలపడిన యవనరాజు కాడు, మోహోల్ వాసి సికందర్ శేఖ్. కాలు వేయుట అనగా తాలీముల్లో 'బాహేరీల్ టాంగ్' అని పిలిచే పట్టు. ఎదుటివాడి కాలికి వెలుపలి వైపు నుంచి తన కాలు అడ్డం పెట్టి, పై ఒడలిని తిప్పి పడగొట్టడం. పంచుడు అనగా తీర్పు చెప్పేవాడు. నాలుగు అనగా పాయింట్లు, వేళ్లతో చూపినవి. ఇక మిగిలింది 'ఒరిగెను'. దీనికి పాఠాంతరాలున్నాయి. పుణె ప్రతిలో 'పడెను' అని, మోహోల్ ప్రతిలో 'తూలెను' అని కనిపిస్తుంది. ఏ ప్రతీ తాళపత్రం కాదు, అన్నీ ఫోన్లలోనివే. కానీ ఒక్కో ప్రతికి ఉన్న అభిమానులను చూస్తే తాళపత్రాలకు ఆ భాగ్యం ఏనాడూ పట్టలేదనిపిస్తుంది.

కుస్తీకి టీక ఏమిటి, పాండిత్యానికి అపచారం కాదా అని ముక్కు విరిచేవారికి ముందే ఒక మాట. మెదక్ సీమలోని కొలిచాల నుంచి వచ్చిన మల్లినాథసూరి భారవి కిరాతార్జునీయానికి ఘంటాపథమనే వ్యాఖ్య రాశాడు. ఆ కావ్యం చివరి సర్గలో శివుడూ అర్జునుడూ విల్లంబులు వదిలేసి ఒట్టి చేతులతో పెనుగులాడుతారు. అంటే మన వ్యాఖ్యాతల్లో మేటి అయినవాడు ఒక మల్లయుద్ధాన్ని పట్టుపట్టుగా వివరించి ఉన్నాడన్నమాట. పైగా ఆ కుస్తీ ఫలితం మన కోథ్రూడ్ కుస్తీ కంటే చిక్కు. పైకెగిరిన శివుడి పాదాలను కిందికి లాగి పడవేద్దామని అర్జునుడు పట్టుకుంటాడు. ఆ పట్టుకే మెచ్చి శివుడు అతణ్ని కౌగిలించుకుంటాడు. గెలిచిందెవరు? పోటీదారూ పంచుడూ ఒకరే అయినప్పుడు ఆ ప్రశ్న ఎవరూ అడగరు. మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని మల్లినాథుడు పెట్టుకున్న నియమం ఉంది చూడండి, మొదటి సగం ఈ టీకాకారుడూ పాటిస్తాడు. రెండో సగం గురించి హామీ లేదు.

తాత్పర్యం చివర రాయడం ఆచారం. ఇక్కడ ముందే రాస్తే మేలు, ఎందుకంటే దీని మీదే తగువంతా. తాత్పర్యమేమనగా: ఆ నాలుగు పాయింట్ల గొడవ పంచుడి కళ్లదీ కాదు, నిజాయితీదీ కాదు, మట్టిలో జరిగిన కుస్తీని మ్యాట్ వ్యాకరణంతో చదవడం వల్ల పుట్టింది. ఎర్రమట్టి గోదా అయిన హౌద్‌లో తరతరాల ప్రేక్షకుడు ఎదురు చూసేది చిత్‌పట్. రెండు భుజాలూ నేలకు ఆనాలి, వీపు మట్టి పూసుకోవాలి. అప్పుడే వాక్యం పూర్తయినట్టు. అంతర్జాతీయ మ్యాట్ నియమం అలా కాదు. అది వాక్యం నడుస్తుండగానే మార్కులు వేస్తుంది. నిలబడినవాణ్ని కింద పడేసి వెనక్కి వెళితే రెండు. పడేసే విసురులోనే అతని వీపు నేలవైపు తిరిగి, నేలతో చేసే కోణం 90 డిగ్రీల లోపుకు వస్తే నాలుగు. వీపు నేలను తాకాలని ఎక్కడా లేదు. మరి సికందర్ వీపు మట్టికి అంటలేదని మోహోల్ ప్రతి చెబుతోంది, నిజమే కావచ్చు. వీపు మట్టివైపు తిరిగిందని పుణె ప్రతి చెబుతోంది. అదీ నిజమే కావచ్చు. రెండూ ఒకేసారి నిజం కావడానికి అడ్డేమీ లేదు.

ఇది సోలాపుర్ విడీ ఘర్కుల్‌లో ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేని సంగతి. హైదరాబాద్ రోడ్డు పక్కన ఉన్న ఆ కాలనీ బీడీ చుట్టే ఆడవాళ్ల కోసం వెలిసింది. తెలంగాణ నుంచి మగ్గాల వెంట వచ్చిన కుటుంబాల్లో మగవాళ్లు చాదర్లు, టవళ్లు నేస్తే ఆడవాళ్లు కార్ఖానా నుంచి తునికాకు, జర్దా తెచ్చుకుని ఇంట్లో చుట్టి, వెయ్యి లెక్కన తిరిగి అప్పజెప్పుతారు. అప్పజెప్పే చోట చెకర్ కొన్నింటిని పక్కకు తోస్తాడు. దాని పేరు ఛాట్. చుట్టినామె చూసేది అది సరిగా కాలుతుందా అని. చెకర్ చూసేది కొలతకు వచ్చిందా అని. చూసింది ఒకే బీడీని, చదివింది రెండు చట్టాలతో. కోథ్రూడ్‌లో జనం కాలుతుందా అని చూశారు, పంచులు కొలత చూశారు. తేడా ఒక్కటే: ఛాట్‌లో పడిన బీడీల వల్ల లాభం ఎవరికో అక్కడ అందరికీ తెలుసు. ఇక్కడ లాభం ఎవరికి అన్నది పూర్వపక్షం, అదే ఇప్పుడు వస్తోంది.

పూర్వపక్షి అంటాడు: పోటీ పుణెలో, మహేంద్ర శిక్షణ పుణెలో కాకా పవార్ దగ్గర, మ్యాట్ విభాగం గెలిచి, మట్టి విజేతతో తలపడి తేల్చుకోవాల్సిన కేసరి బిరుదు గద కోసం ఎదురు చూస్తున్న శివరాజ్ రాక్షేదీ ఆ తాలీమే. కొల్హాపుర్ గంగావేశ్ తాలీమ్‌లో పెరిగిన సికందర్‌ను మధ్యలో తప్పిస్తే గద ఎవరి చేతికెళ్లినా ఇంట్లోనే ఉంటుంది గదా? ఈ అనుమానాన్ని కొట్టిపారేయడం కష్టం, అల్లిక బాగా కుదిరింది కనుక. కానీ కుదిరిన అల్లికంతా సాక్ష్యం కాదు. మహారాష్ట్ర కుస్తీలో పెద్ద తాలీములు చేతివేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. ఏ ఏడు తీసుకున్నా చివరి నలుగురిలో ఇద్దరు ఒకే వస్తాద్ దగ్గరివారు కావడం విచిత్రమేమీ కాదు. ఊరి పక్షపాతం అనే మందు అసలే పనిచేయదు: ఇద్దరు పహిల్వాన్లదీ సోలాపుర్ జిల్లాయే. ఆ సాయంత్రం ఓడింది సోలాపురే, గెలిచిందీ సోలాపురే. మార్కెట్ యార్డులో మూటలు మోసే ఇంటి నుంచి వచ్చిన కుర్రాడని సికందర్ మీద జనానికి కలిగిన జాలి న్యాయమైనదే. అయితే జాలికి డిగ్రీలు కొలిచే పరికరం లేదు. ఆ జాలి ఎంత దూరం వెళ్లిందంటే, ఒక పంచ్‌కు ఫోన్లో బెదిరింపు వచ్చిందని కోథ్రూడ్ పోలీసుల దాకా ఫిర్యాదు వెళ్లింది. వ్యాఖ్యాతను బెదిరించి అర్థం మార్పించవచ్చని మన వాదగ్రంథాలు ఏవీ చెప్పినట్టు లేదు.

రెండో పూర్వపక్షి ఇంతకంటే గట్టివాడు. మ్యాట్ చట్టంతో చదివినా నాలుగు తప్పేనంటాడు. విసురులో నేరుగా ప్రమాద స్థితికి రావాలి. సికందర్ ముందు పక్కకు వాలి, ఆ తర్వాత తిరిగాడు. కనుక రెండే ఇవ్వాలి. ఇది అసలైన ఆక్షేపం, దీనికి బిగ్గరగా అరవడం సమాధానం కాదు. దీనికి టీకాకారుడి జవాబు ఒప్పుకోలుకూ మొండితనానికీ నడుమ ఉంటుంది. పక్కనుంచి తీసిన వీడియోలో కోణం తెలియదు. వీపుకు ఎదురుగా ఉన్నవాడికే తెలుస్తుంది. ఆ చట్టం ఒక్క కన్నును నమ్మదు కూడా: రిఫరీ, జడ్జి, మ్యాట్ చైర్మన్ అని ముగ్గురిని పెట్టి, ఇద్దరి మాట కలిస్తేనే పాయింటు అంటుంది. ఇక నెమ్మది చేసి చూపే వీడియో గురించి ఎవరూ అనని సంగతి ఒకటుంది. వేగం తగ్గించినకొద్దీ ఒకే విసురు రెండు ముక్కలుగా, ముందు వాలడం తర్వాత తిరగడం అన్నట్టుగా విడిపోతుంది. మామూలు వేగంలో అది ఒక్కటే కదలిక. సంధిని విడగొట్టి చూపి, చూశారా ఇవి రెండు పదాలే అని వాదించడం లాంటిది కాదా ఇది? సంధి ఉన్నచోట విడగొట్టడం అర్థం కోసం. విడగొట్టాం కనుక కవి విడిగానే రాశాడనడం తప్పు. అయినా ఆక్షేపంలో కొంత బలం మిగిలిపోతుంది. దాన్ని తుడిచేయడానికి ఈ టీకాకారుడి దగ్గర తగిన గుడ్డ లేదు.

మరి మట్టిలో పాయింట్లు తీసేసి, చిత్‌పట్ ఒక్కటే ఉంచితే గొడవ తీరదా? విన్నవెంటనే ఔననిపించే మాట ఇది. సాక్ష్యాలూ దానివైపే ఉన్నట్టు కనిపిస్తాయి. ఆ రోజే గద కోసం జరిగిన ఆఖరి కుస్తీలో రాక్షే మహేంద్రను నిమిషంలోపే చిత్‌పట్ చేశాడు. రాక్షేకు గదతో పాటు థార్ జీపు, మహేంద్రకు ట్రాక్టరు, టీకాకారులకు సెలవు. అదే ఏడు నవంబరులో ఫుల్‌గావ్‌లో సికందర్ రాక్షేను క్షణాల్లో చిత్‌పట్ చేసి మహారాష్ట్ర కేసరి అయ్యాడు. ఏ ఫోన్లోనూ పాఠాంతరం పుట్టలేదు. స్పష్టమైన మూలానికి వ్యాఖ్య అక్కర్లేదని దీన్నిబట్టి సిద్ధాంతం చేయబోయేవారు కాస్త ఆగాలి. 1910 సెప్టెంబరు 10న లండన్‌లో ప్రపంచ బిరుదు కోసం గామా పహిల్వాన్, పోలండ్‌కు చెందిన స్టానిస్లాస్ జ్బిస్కో తలపడ్డారు. అక్కడ పాయింట్లు లేవు, పడగొట్టడం ఒక్కటే లెక్క. గామా ధాటికి ముందే కిందికి వచ్చిన జ్బిస్కో చాపకు కడుపు ఆనించి బోర్లా పడుకున్నాడు. వీపు చూపకపోతే ఓటమి లేదు గదా, అలా రెండున్నర గంటలకు పైగా పడుకునే ఉన్నాడు. పోటీ తేలలేదు. వారం తర్వాత పెట్టిన మళ్లీ పోటీకి అతను రాలేదు, బిరుదు గామాకు ఇచ్చేశారు. 1928లో పటియాలాలో మళ్లీ ఎదురైనప్పుడు గామా నిమిషంలోపే ముగించాడు. ఆ పద్దెనిమిదేళ్లూ లండన్ కుస్తీ క్రియాపదం లేని వాక్యంలా పడి ఉంది. పాయింట్ల లెక్కకు గిరాకీ ఇలాంటి బోర్లా పడుకున్నవాళ్ల వల్లే. అవి తీసేస్తే సికందర్‌కు న్యాయం జరగొచ్చు, జ్బిస్కోకూ జరుగుతుంది.

అంతకన్నా చెడ్డ సాక్ష్యం ఇంకొకటి ఉంది. 2025 ఫిబ్రవరి మహారాష్ట్ర కేసరి పోటీల్లో, అహిల్యానగర్‌లో పృథ్వీరాజ్ మోహోల్‌తో కుస్తీలో శివరాజ్ రాక్షే చిత్‌పట్ అయ్యాడని పంచ్ తీర్పు చెప్పాడు. భుజాలు ఆననేలేదని రాక్షే వాదించాడు. వాదన చాలక పంచ్‌ను కాలితో తన్నాడు. అంటే అంతటి చిత్‌పట్‌కు కూడా పాఠాంతరం పుట్టింది. ఆ తర్వాత గద కోసం పృథ్వీరాజ్‌తో తలపడింది ఎవరనుకున్నారు? మన మూలంలోని మహేంద్రుడే. ఒక పాయింటు విషయంలో అన్యాయం జరిగిందని అతను కుస్తీ మధ్యలోనే బయటికి వెళ్లిపోయాడు. రాక్షే, మహేంద్ర ఇద్దరి మీదా మూడేళ్ల నిషేధం పడింది. 2023లో పంచుడు నాలుగు చూపితే సిద్ధాంతమన్నవాడు 2025కు పూర్వపక్షి అయ్యాడు. దీన్ని దైవన్యాయమని చప్పట్లు కొట్టేవారుంటారు. ఈ టీకాకారుడు కొట్టడు. ఇదే తాలీమ్‌లో, ఇదే చట్టంతో పెరిగినవాడికి కూడా చట్టం తన మీదికి వచ్చినప్పుడు వేరే భాషలా వినిపించిందనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

సికందర్ పది నెలల్లోనే గద గెలిచాడు గదా, ఇంకా ఈ తవ్వకం ఎందుకని అడిగేవారు చివరి పూర్వపక్షులు. తర్వాతి పద్యం బాగుంటే ముందు పద్యంలోని సందేహం తీరిపోదు, అంతే వారికి జవాబు. పైగా ఆ గద సంగతీ అంత సాఫీ కాదు. కుస్తీ సంఘాల తగువు వల్ల 2023 నవంబరులో మహారాష్ట్ర కేసరి రెండుసార్లు జరిగింది. ఫుల్‌గావ్‌లో సికందర్, ధారాశివ్‌లో రాక్షే. ఒకే గ్రంథానికి రెండు పరిష్కరణలు, రెండింటికీ ముద్రాపకులున్నారు. ఇవన్నీ ఎవరో పెద్దలు కూర్చుని తేల్చాల్సినవి. ఘర్కుల్ దాకా వచ్చే చిన్న సంగతి ఒకటి మాత్రం రేపు తేల్చవచ్చు. మట్టి కుస్తీ మొదలయ్యే ముందు పంచ్ హౌద్ పక్కన నిలబడి, ఈ మట్టిలో వీపు కనబడితే చాలా, అంటుకోవాలా అన్నది మైకులో ఒకసారి చెప్పాలి. మరాఠీలో చెబితే చాలు. తెలుగు చేసుకోవడానికి విడీ ఘర్కుల్‌లో మనుషులు తక్కువేమీ లేరు.