టమాటా తొక్క ఆత్మకథ

ముళబాగిలు దగ్గర ఒక చేనులో, ఊతకర్రలకు కట్టిన చెట్టు మీద పండాను. మా రైతమ్మకు ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం. నారు నాటిన నాటి నుంచి కోతదాకా ఆమె నడుం వాల్చింది తక్కువ.

15 కిలోల బాక్సులో కోలారు మార్కెట్టు చేరాను. 2023 జులైలో అలాంటి బాక్సు రెండు వేల రూపాయలు దాటింది. నా వంతు వచ్చిన నాడు వేలంలో పలికిన ధర బండి బాడుగకు కూడా చాలలేదు. తిరుగుదారిలో బాక్సులన్నీ రోడ్డు పక్కన పోశారు. 2021 లాక్‌డౌన్‌లోనూ ఈ జిల్లా రైతులు ఇలాగే పోశారు. మమ్మల్ని ఆవులు తిన్నంత తిన్నాయి. గుజ్జు పులిసి కారిపోయింది, ఈగలు ముసిరాయి. తారుకు అంటుకుని నేనొక్కదాన్నే మిగిలాను. రైతమ్మ మీద నాకు కోపం లేదు. మమ్మల్ని కుమ్మరిస్తుంటే చూడలేక ఆమె మొహం తిప్పుకుంది. పండించమని చెప్పి, పండాక గతేమిటో పట్టించుకోని వాళ్ల మీదే నా కోపం.

పండుకు ఎరుపునిచ్చే లైకోపీన్ గుజ్జులో కన్నా నాలోనే చిక్కగా ఉంటుంది. అది నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. కారం వేయకముందే కూర అంచున నూనె ఎర్రబడుతుంది చూడండి, అది నా రంగే. గాలికీ వెలుతురుకూ ఆ రంగు విరిగిపోతుంది. ఈ రోడ్డు మీద గంటగంటకూ పాలిపోతున్నాను.

తొక్క నుంచి ఈ రంగు తీయడానికి చాలాకాలంగా హెక్సేన్ వాడుతున్నారు. అది పెట్రోలియం సరుకు, దాని ఆవిరి నరాలకు చేటు. ఇప్పుడు వేరే దారులున్నాయి. పంటల నుంచి పులియబెట్టి తీసే ఇథైల్ లాక్టేట్ ఉంది. వంటనూనె ఉంది. 31 డిగ్రీల వేడి, వాతావరణ పీడనానికి సుమారు 73 రెట్ల ఒత్తిడి దాటించిన బొగ్గుపులుసు వాయువు కూడా ద్రావణిలా పనిచేస్తుంది. ఒత్తిడి వదిలితే వాయువు వెళ్లిపోయి రంగు మిగులుతుంది.

దేనితో కరిగించామన్నది ఈ సీమకు చిన్న మాట కాదు. ఇక్కడి కోలారు బంగారు గనుల్లో (కేజీఎఫ్) రాయిని పిండి చేసి, సైనైడ్ ద్రావణంతో బంగారం తీశారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. బంగారం ఎటో వెళ్లిపోయింది. సైనైడ్ దిబ్బలు ఇళ్ల పక్కనే ఉండిపోయాయి. గాలి లేస్తే ఆ దుమ్ము వాకిళ్లలోకి వస్తుంది. గని కార్మికుల పిల్లలు తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరుకు పనికి పోతున్నారు.

తడిగా ఉంటే నాకు త్వరగా బూజు పడుతుంది. మార్కెట్టు దగ్గరే నీడన ఆరబెట్టే చోటు చూపించండి. నా రంగు తీసుకోండి. తీసేటప్పుడు మాత్రం ఈ జిల్లాకు ఇంకో దిబ్బ మిగల్చకండి.