ఆగస్టు మనవడు

జూన్ సగం దాటితే పారిస్ ఆఫీసుల్లో ఈయన్ని గుర్తుపట్టడం తేలిక. కాఫీ మిషన్ దగ్గర నిలబడి, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ తన ఊరి గొప్ప చెబుతుంటాడు. ఆ గొప్ప కూడా వింతగా ఉంటుంది. "అక్కడ ఏమీ ఉండదండీ," అంటాడు ఛాతీ విరుచుకుని. "కొట్టు లేదు, సిగ్నల్ లేదు, సాయంత్రం ఆరు దాటితే మనిషి పొడ కనిపించదు. అంతా నిశ్శబ్దం. అలాంటి నిశ్శబ్దం మీరు పుట్టి బుద్ధెరిగి విని ఉండరు." మా ఆఫీసులో ఇలాంటివాళ్లు అంతస్తుకి ఇద్దరు ముగ్గురు తగులుతారు. ఒకరిది బ్రిటనీ, ఒకరిది క్రూజ్, మరొకరిది లోజేర్. ఊళ్లు వేరు, ఊదరగొట్టుడు ఒకటే.

లోజేర్ ఆయన్నే తీసుకుందాం. ఆ జిల్లా దక్షిణ మధ్య కొండల్లో ఉంది. పల్లెలన్నీ కలిపినా 80 వేల జనం లేరు. ఫ్రాన్స్ ప్రధాన భూభాగంలో అంతకంటే తక్కువ జనమున్న జిల్లా లేదు. ఈయన అక్కడ పుట్టలేదు, చదవలేదు, ఓటు కూడా అక్కడ లేదు. పుట్టింది పారిస్, పెళ్లి పారిస్, విడాకులు కూడా పారిస్ కోర్టులోనే. ఊరు అమ్మమ్మగారిది. ఐదేళ్లప్పటి నుంచి మీసాలొచ్చేదాకా ఎండాకాలం సెలవులకి వచ్చి మోకాళ్లు చెక్కుకుపోయేలా ఆడుకుని వెళ్లాడు. ఆ మోకాలి మచ్చలే దస్తావేజుగా ఇప్పటికీ "మా ఊరు" అంటాడు.

1936లో లియోన్ బ్లమ్ ప్రభుత్వం కార్మికులకి జీతంతో రెండు వారాల సెలవు ఇచ్చింది. 1956లో అవి మూడయ్యాయి, 1969లో నాలుగు, 1982లో ఐదు. ఇన్ని తరాలు కొట్లాడి సాధించిన ఐదు వారాల్లో గ్రీసు దీవులకీ, మంచుకొండలకీ, అత్తగారికీ పోగా ప్రాణప్రదమైన ఊరికి మిగిలేది ఆగస్టులో ఓ వారం.

బయల్దేరడం కూడా దేశమంతా బయల్దేరే శనివారమే. ఏ రోజు రోడ్లు ఎంత కిక్కిరుస్తాయో 1976 నుంచి 'బిజోన్ ఫ్యూటే' అనే సర్కారీ ఏర్పాటు ముందే రంగులేసి చెబుతోంది. ఆకుపచ్చ, నారింజ, ఎరుపు, అన్నిటికంటే ఘోరమైతే నలుపు. సరిగ్గా నల్ల శనివారం నాడు కారెక్కి, ఇంతమందీ ఎక్కడికి తగలడుతున్నారో అని విసుక్కుంటాడు. క్లెర్మోన్-ఫెరాన్ దాటాక ఏ75 మోటార్‌వే. చిన్నప్పుడు నాన్న నడిపిన పాత రోడ్డు ఎంత బాగుండేదో, ఏ మలుపులో తను వాంతి చేసుకునేవాడో రెండో భార్యకి చూపించబోతాడు. ఆ మలుపులు ఇప్పుడు లేవు. పాత రోడ్డు పోయిందే అని కళ్లు తుడుచుకుంటాడు, గంటకి 130 కిలోమీటర్ల వేగంతో.

పొలిమేరలో ఊరి పేరు బోర్డు తలకిందులుగా ఉంటుంది. కుర్రాళ్ల చిలిపి పని అనుకుని ఫోటో తీసి ఆఫీసు గ్రూపులో పెడతాడు. వ్యవసాయం బతుకు తలకిందులైందని చెప్పడానికి 2023 చివర్లో టార్న్ జిల్లా రైతులు బోర్డులు తిప్పడం మొదలుపెట్టారు, అది దేశమంతా పాకింది. ఈ బోర్డు తిప్పింది తన పక్కింటి రైతేనన్న సంగతి ఈయనకి ఎవరూ చెప్పరు. ఈయనా అడగడు.

కారు దిగగానే మొదటి గండం బుగ్గల దగ్గర. పారిస్‌లో పలకరింపుకి రెండు ముద్దులు, లోజేర్‌లో మూడు. రెండు కాగానే మనవడు మొహం వెనక్కి తీసుకుంటాడు. మూడోదానికి చెంప చాపిన ముసలమ్మ అలాగే గాల్లో ఉండిపోతుంది. తప్పు తెలిసి ఆయన ముందుకి వంగేసరికి ఆవిడ వెనక్కి జరుగుతుంది. అది చూసి ఈయన ఆగుతాడు, ఈయన ఆగాడని ఆవిడ మళ్లీ ముందుకొస్తుంది. చివరికి ఆ మూడో ముద్దు ఆవిడ కళ్లజోడు అద్దం మీద పడుతుంది. ఆవిడ జేబురుమాలు తీసి అద్దం తుడుచుకుంటూ, "ఇంతకీ నువ్వు ఎవరి పిల్లాడివి?" అంటుంది. పిల్లాడికి అరవై దగ్గర పడుతున్నాయి. అమ్మమ్మ పేరు చెబుతాడు. "ఆఁ, వంతెన దగ్గరి ఇల్లు! పేడగుంటలో పడ్డవాడివి నువ్వేగా!" నిజానికి పడ్డది పిన్ని కొడుకు. కానీ ఈయన కాదనడు. ఊరి చరిత్రలో తన పేరు ఎక్కిన ఒకే ఒక్క ఘట్టం, నోరుజారి అది కూడా పోగొట్టుకోవడం దేనికి?

ఇల్లు ఉమ్మడి. 1804 నాటి సివిల్ కోడ్ దగ్గర్నుంచి ఫ్రాన్స్‌లో కన్నబిడ్డకి ఆస్తి ఎగ్గొట్టడం తండ్రి తరం కాదు, అందరికీ వాటా ఉండాల్సిందే. ఆ వాటాలు రెండు తరాలు దిగి, ఇప్పుడు ఆ మూడు గదుల ఇంటికి ఏడుగురు యజమానులు. పైకప్పు 'లోజ్' అనే రాతి పలకలది. చూడ్డానికి అందం, దూలాలకి భారం, బాగుచేయించాలంటే ఇంకో ఇల్లు అమ్ముకోవాలి. వంటింట్లో కారుతోంది. రిపేరు అనేసరికి ఏడుగురూ సరే అంటారు, మేస్త్రి అంచనా కాగితం చేతికొచ్చాక ఫోన్లు మోగి మోగి ఆగిపోతాయి. అందుకని కారే చోట అమ్మమ్మగారి రాగి డేగిశా పెట్టి ఉంటుంది. అందులో చినుకు పడే చప్పుడు విని, పాత వస్తువుల్లో ఉన్న జీవమే వేరని మనవడు పరవశిస్తాడు.

ఇక ఆ జగత్ప్రసిద్ధమైన నిశ్శబ్దం సంగతి. మొదటి రాత్రి కిటికీ రెక్కలు బార్లా తెరిచి పడుకుంటాడు. అర్ధరాత్రి చర్చి గంట పన్నెండు కొడుతుంది. ఈయన ఒక్కొక్కటే లెక్కపెట్టి, అయిపోయిందని ఇటు తిరిగి పడుకుంటాడు. రెండు నిమిషాలాగి మళ్లీ పన్నెండు. అటువైపు ఊళ్లలో చాలాచోట్ల అంతే, పొలంలో ఉన్నవాడు లెక్క తప్పితే సరిచూసుకోవడానికి రెండో విడత కూడా కొట్టిస్తారు. మూడింటికి మూడు, మళ్లీ మూడు. నాలుగింటికి కోడి అందుకుంటుంది. ఐదున్నరకి ట్రాక్టరు. ఆరింటికి గోధుమరంగు ఓబ్రాక్ ఆవులు మెళ్లో గంటలు మోగించుకుంటూ కిటికీ కిందనుంచే పోతాయి. ఏడింటికి చర్చిలో ప్రార్థన గంట. ఎనిమిదింటికి మనవడు ఎర్రబడ్డ కళ్లతో మేయరాఫీసు గుమ్మంలో ఉంటాడు. అది వారానికి రెండు పూటలే తీస్తారు కాబట్టి ఎల్లుండి మళ్లీ వస్తాడు.

ఇక్కడొక చిక్కుంది. ఈయన స్వతహాగా కోడి పక్షం. 2019లో ఒలెరాన్ దీవిలో మోరిస్ అనే కోడిపుంజు కూత భరించలేమని, సెలవులకొచ్చే పొరుగింటివాళ్లు కోర్టుకెక్కినప్పుడు పారిస్‌లో కూర్చుని కోడి తరఫున సంతకం పెట్టాడు. సెప్టెంబరులో రోష్‌ఫోర్ కోర్టు కోడిని గెలిపిస్తే ఆఫీసులో అందరికీ కేకులు పంచాడు. పల్లెల చప్పుళ్లూ వాసనలూ కూడా దేశ వారసత్వమేనని 2021 జనవరి 29న చట్టం వచ్చినప్పుడైతే పట్టపగ్గాల్లేవు. ఆ బిల్లు పెట్టిన ఎంపీ లోజేర్ వాడేనని లిఫ్టులో ఎదురైన ప్రతివాడికీ చెప్పాడు.

ఇప్పుడు మేయరాఫీసు గుమాస్తా ఆవిడ ముందు కూర్చుని గొంతు తగ్గించి అంటాడు: "కోడి ఉండకూడదని కాదు. కోడి ఉండాలి. కొంచెం ఎనిమిదిన్నర ప్రాంతంలో…" ఆవిడ మాట్లాడకుండా గోడకి అంటించిన చట్టం కాగితం చూపిస్తుంది. మనవడు దాన్ని మొదటిసారి చదువుతున్నవాడిలా చదువుతాడు. మొహం చిన్నబోయిందని ఆవిడే ఊరడిస్తుంది: "మీరు నయం. 2018లో వార్ జిల్లా లె బోసెలో చెట్లమీద సికాడా పురుగులు రొదపెడుతున్నాయి, మందు కొట్టించమని మేయర్‌ని అడిగారట సెలవులకొచ్చినవాళ్లు."

బయటికొచ్చి పక్కింటి రైతు దగ్గర మొరపెట్టుకుంటాడు. తన చిన్నప్పుడు ఈ రొద లేదు, చీమ చిటుక్కుమన్నా వినపడేది. రైతు ట్రాక్టరు ఇంజను ఆపుతాడు, మర్యాద కొద్దీ.

"నీ చిన్నప్పుడా? బళ్లో పిల్లలు, వంతెన కింద రంపంమిల్లు, కమ్మరి కొలిమి, నూర్పిళ్లప్పుడు మిషను. నాలుగు కాఫీ కొట్లు, నాలుగింట్లోనూ తగవులు. మీ అమ్మమ్మ నిన్ను భోజనానికి పిలిస్తే కొండ అవతల నా చేలో వినపడేది. ఈ మాత్రం నిశ్శబ్దం ఎప్పుడొచ్చింది? మీ అమ్మావాళ్లు ఒక్కొక్కరే పారిస్ రైలెక్కాక."

మనవడు అంతా శ్రద్ధగా వింటాడు. "నాలుగు కాఫీ కొట్లు! ఎందుకు మూసేశారంటావ్?"

మూసేసినవాటి లిస్టు ఈయన దగ్గర ప్రతి ఏటా పెరుగుతుంటుంది. బేకరీ పోయి దాని స్థానంలో డబ్బులేస్తే రొట్టె ఇచ్చే మిషను వచ్చినందుకు రోజంతా కుమిలిపోయాడు. ఆ కుమలడం కూడా కారు డిక్కీలోంచి సామాను దించుతూ. డిక్కీనిండా దారిలో సూపర్‌మార్కెట్‌లో కొన్న వారం సరుకులు, పారిస్‌లో తనకిష్టమైన బేకరీ రొట్టెలు. ఆ సరుకులు మోయడానికి సాయంపట్టింది ఎదురింటి డచ్చాయన. ఎండకీ మంచుకీ ఊళ్లోనే ఉంటాడు, పంచాయితీలో సభ్యుడు కూడా. యూరోపియన్ యూనియన్ పౌరుడు కాబట్టి సభ్యుడు కావచ్చు, మేయర్ మాత్రం కాలేడు. ఆలిగో అనే అక్కడి వంటకంలో బంగాళాదుంప ముద్దకి వెన్న తీయని పచ్చి జున్ను ఎంత కలపాలో, ఎంతసేపు లాగితే తీగ సాగుతుందో మనవడికి నేర్పింది ఆయనే. ఫ్రెంచి యాసతో సహా.

పదిహేనో తారీకు ఊరి పండగ. బల్లలు బారుగా వేసిన చోట మేయర్ వచ్చి మనవడి పక్కనే కూర్చుంది. సంగతి ఇదీ: ఒక కుర్ర జంట ఉంది, ఇద్దరూ రొట్టెలు కాల్చే పనివాళ్లే. బేకరీ మళ్లీ తెరుస్తామంటున్నారు. ఇద్దరు పిల్లలు, వాళ్లొస్తే బళ్లో తరగతి మూతపడకుండా ఆగుతుంది. ఉండడానికి ఇల్లే దొరకడం లేదు. మీ ఇల్లు ఏడాదిలో పదకొండు నెలలు తాళం వేసి ఉంటుంది కదా, అమ్మకపోతే పోనీ, అద్దెకైనా…

మనవడు గ్లాసు కింద పెట్టేశాడు. బేకరీ తెరవడం అంటే తన ప్రాణం లేచొచ్చినట్టేనన్నాడు. ఊరు బతకాలన్నాడు. ఇల్లు తన ఒక్కడిదైతే ఈ క్షణమే తాళం ఇచ్చేవాణ్ణన్నాడు. ఏం చేస్తాం, ఉమ్మడి.

ఆ రాత్రే మిగతా ఆరుగురికీ మెయిల్ పెట్టాడు. రిపేరు సంగతికి రెండేళ్లయినా జవాబివ్వని వాళ్లు తెల్లారేసరికి లియోన్ నుంచి, లిల్ నుంచి, ఒకావిడ మోంట్రియల్ నుంచి కూడా జవాబులిచ్చారు. అమ్మమ్మ ఇల్లు అద్దెకా! ఆ కుటుంబంలో ఏడు వాటాలూ ఒక్కమాట మీద నిలబడటం అదే మొదలు.