కరెంటు కట్ మెసేజీ: టీకా తాత్పర్య సహితం

మూలం: “ప్రియమైన వినియోగదారుడా, పోయిన నెల బిల్లు అప్‌డేట్ కానందున ఈ రాత్రి 9.30 గంటలకు ఎలక్ట్రిసిటీ ఆఫీసు నుంచి మీ ఎలక్ట్రిసిటీ పవర్ నిలిపివేయబడును. వెంటనే మా ఎలక్ట్రిసిటీ ఆఫీసర్‌కు ఫోన్ చేయండి.” కింద పది అంకెల మొబైల్ నంబరు.

అవతారిక: 2022లో చెన్నై ఫోన్లలో ఇంగ్లిషులో విరివిగా తిరిగిన ఖండిక ఇది. కావ్యాలకు టీకలు అచ్చేసిన వావిళ్లవారి ఊరే అయినా, దీనికి మాత్రం టీక లేకపోయింది. అందుకే కొందరు మూలం చదివీ చదవగానే ఫోన్ తిప్పారు. తమిళనాడు విద్యుత్ పంపిణీ సంస్థ టాన్‌జెడ్కో పేరిట చెలామణి అయినా, అది తమ రచన కాదని ఆ సంస్థే హెచ్చరించింది.

ప్రతిపదార్థం: ప్రియమైన వినియోగదారుడా = పేరూ కనెక్షన్ నంబరూ తెలియని ఓ మనిషీ; పోయిన నెల బిల్లు = లేని బిల్లు. తమిళనాడులో ఇళ్లకు ఈబీ (విద్యుత్ బోర్డు) రీడింగు రెండు నెలలకోసారి. నెలవారీ బిల్లు 2021 ఎన్నికల వాగ్దానాల్లో ఉండేది. దాన్ని అందరికంటే ముందు అమలు చేసినవాడు ఈ కవే. రాత్రి 9.30 = సెక్షన్ ఆఫీసుకు వెళ్లి అడగడానికి వీల్లేని వేళ. 10.30 అని పాఠాంతరం. ఎలక్ట్రిసిటీ పవర్ = పునరుక్తి దోషం.

అప్‌డేట్ కానందున: ఈ ఖండికకు ప్రాణం ఇక్కడుంది. ‘కట్టలేదు’ అని ఉంటే, కట్టినవాడు నవ్వి ఊరుకునేవాడు. ‘అప్‌డేట్ కాలేదు’ అనడంతో రసీదు చేతిలో ఉన్నవాడికీ గుండె జారుతుంది. “కట్టేశాను సార్” అంటే “కట్టారండీ, సిస్టంలో ఎక్కలేదు” అన్న జవాబు సిద్ధం. బాకీలేని గృహస్థుణ్ణి కూడా బాకీదారుగా నిలబెట్టిన ఈ పదప్రయోగం, దొంగదే అయినా, మెచ్చుకోక తప్పదు.

తాత్పర్యం: ఫోన్ చేస్తే ‘ఆఫీసర్’ మన తెరను అవతలివాడికి చూపే ఎనీడెస్క్ లాంటి యాప్ దింపుకోమంటాడు. పది రూపాయలు కడితే రికార్డు సరిపోతుందంటాడు. ఆ పది రూపాయలు కడుతుండగా కార్డు వివరాలు, ఓటీపీ అన్నీ అవతలివాడి తెర మీద కనిపిస్తాయి. పోయేది పది కాదు, ఖాతాలో ఉన్నది.

విశేషాంశం: టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం సంస్థల మెసేజీలు నమోదైన అక్షరాల శీర్షికతో వస్తాయి, మామూలు మొబైల్ నంబరు నుంచి కాదు. అనుమానం తీరకపోతే ఈబీ వారి సొంత యాప్‌లోనో, 2021 జూన్‌లో మొదలైన ‘మిన్నగం’ వినియోగదారుల సేవా కేంద్రానికి ఫోన్ చేసో బాకీ చూసుకోవచ్చు.

ఫలశ్రుతి: డబ్బు పోయినవారు వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే, సొమ్ము చేతులు మారేలోగా బ్యాంకు దాన్ని ఆపగలిగే వీలుంది. ఏమీ పోగొట్టుకోనివారు మెసేజీని టెలికాం శాఖ పోర్టల్ సంచార్ సాథీలోని ఫిర్యాదు విభాగం ‘చక్షు’కు అప్పగించవచ్చు. అది తెరిచింది 2024 మార్చిలో.