మరిగే మడుగుకి 48 మంది

డాలస్‌లో ఈవెంట్ కంపెనీలో ప్లానర్‌గా పనిచేసే ఒక గోదావరి జిల్లా పెద్దమనిషికి క్లయింటు నుంచి వచ్చిన ఆర్డరు ఒక్క వాక్యమే. టార్గెట్ కొట్టిన 48 మంది సేల్స్ వాళ్ళని కరీబియన్‌లో "ఎవరూ వెళ్ళని చోటికి" తీసుకెళ్ళాలి. దాని కింద చిన్న అక్షరాల్లో ఇంకో ముక్క ఉంది: వైఫై బాగుండాలి.

ఎవరూ వెళ్ళని చోటికి 48 మంది వెళ్ళాక అది ఎవరూ వెళ్ళని చోటు ఎలా అవుతుందని ఆయన అడగలేదు. అలా అడిగేవాళ్ళు ఈ లైన్లో ఎక్కువకాలం నిలవరు.

ఈ ఇన్సెంటివ్ ట్రిప్పుల వ్యాపారం నిన్న మొన్నటిది కాదు. అమెరికాలో నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీ 1906లోనే బాగా అమ్మిన 70 మందికి వజ్రాలు పొదిగిన పిన్నులిచ్చి, డేటన్‌లో ఉన్న సొంత హెడ్డాఫీసు చూపించడానికి పిలిపించిందట. అంటే, కష్టపడి పనిచేసినందుకు బహుమతిగా ఆఫీసు చూపించారన్నమాట! ఇప్పుడెవరైనా ఆ పని చేస్తే మర్నాటికల్లా రాజీనామాలు వచ్చి పడతాయి. 1911 నాటికి బహుమతి న్యూయార్క్ దాకా పెరిగింది. ఆ తర్వాత బీచి రిసార్టులొచ్చాయి. కాంకూన్, అరూబా అందరూ చూసేశారు. ఇప్పుడు కావలసింది సాహసం.

చాలా వెతికి ఆయన డొమినికా దీవిని పట్టుకున్నాడు. మొదటి గొయ్యి పేరులోనే ఉంది. కొలంబస్ 1493 నవంబరు 3న, ఆదివారం పూట, ఈ దీవిని చూశాడు కాబట్టి ఆదివారం పేరే పెట్టేశాడు. కరీబియన్‌లోనే డొమినికన్ రిపబ్లిక్ అని వేరే దేశముంది. ఫైనాన్స్ వాళ్ళు ఆ దేశపు హోటల్ రేట్లు చూసి, ఎంత చవకో అని మురిసిపోయి, చకచకా సంతకం పెట్టేశారు. ఆ సంతకాన్ని దీవి మార్పించడానికి ఆయనకి మూడు వారాలు పట్టింది. అసలు అక్కడి ఆదివాసులైన కలినాగోలు పెట్టుకున్న పేరు వైటుకుబులి. "ఆమె ఒళ్ళు ఎంత పొడవో" అని అర్థం. దానికైతే ఈ తికమక ఉండేది కాదు, కాకపోతే బ్యానరు ఇంకో రెండడుగులు పెంచాల్సొచ్చేది.

దీవి మొత్తం 750 చదరపు కిలోమీటర్లు. జనాభా 70 వేల చుట్టుపక్కల, అంటే మన ఒక మోస్తరు మున్సిపాలిటీ. నదులు మాత్రం 365 అంటారు, రోజుకొకటి చొప్పున. లీపు సంవత్సరంలో ఏం చేస్తారో! ఇసక చాలాచోట్ల నల్లగా ఉంటుంది, అగ్నిపర్వతాల పుణ్యమా అని. తెల్లటి బీచిలో కొబ్బరిబోండాంతో ఫొటో దిగుదామనుకున్నవాళ్ళకి ఇది మొదటి నిరాశ.

వెళ్ళడమే సగం సాహసం. 2021 డిసెంబరు నుంచి మయామీ నించి నేరుగా విమానం ఉంది గానీ, అది 76 సీట్ల చిన్న జెట్. 48 మందీ ఒకేసారి ఎక్కితే విమానంలో మిగతావాళ్ళే అతిథుల్లా కనిపిస్తారు. దిగే ఎయిర్‌పోర్టు ఈశాన్యాన, రాజధాని రోసో నైరుతిన. మధ్యలో గంటకు పైగా కొండదారి, మెలికల మీద మెలికలు. ప్లానర్ రన్‌షీట్‌లో "స్వాగత పానీయం" గడి ఎయిర్‌పోర్టు దగ్గర్నుంచి తీసేసి హోటలుకి మార్చాడు. ఎందుకో వివరించనక్కర్లేదు.

కార్యక్రమంలో ముఖ్యమైనది బాయిలింగ్ లేక్, అంటే మరిగే మడుగు. అగ్నిపర్వతం పొట్టలోంచి వచ్చే ఆవిరీ వాయువులూ 60 మీటర్లకు పైగా వెడల్పున్న మడుగుని బూడిదరంగులో కుతకుతలాడిస్తుంటాయి. ఈ సంగతి ఫోన్లో రాజమండ్రిలో ఉన్న తల్లికి చెప్పాడాయన.

"అంత దూరం పోయి వేణ్ణీళ్ళు చూడ్డమేమిట్రా? ఇంట్లో గీజర్ లేదూ?" అందావిడ.

"అది ప్రపంచంలో రెండో పెద్ద వేడి మడుగమ్మా."

"మొదటిదెక్కడుందో అక్కడికే తీసుకెళ్ళు మరి."

మొదటిది న్యూజిలాండ్‌లో ఉంది. బడ్జెట్ చాలదు.

భోజనాల దగ్గర ఇంకో చిక్కు. పాత మెనూ పుస్తకాల్లో "మౌంటెన్ చికెన్" అని కనిపించేసరికి కొండకోడి కాబోలనుకుని గాలా డిన్నర్‌లో రాసేశాడు. అది కోడి కాదు, పెద్ద కప్ప! ఒకప్పుడు ఆ దేశపు జాతీయ వంటకం. వేటకి తోడు 2002లో వచ్చి పడ్డ ఫంగస్ జబ్బుతో అది అంతరించేదాకా వచ్చింది, ఇప్పుడు పట్టడం నిషేధం. పాపం, టార్గెట్ కొట్టినవాళ్ళకి వడ్డిద్దామనుకున్నది తనే ప్రాణాల కోసం పోరాడుతోంది. మెనూలో ఆ గడి కొట్టేసి మామూలు కోడి రాశాడు.

తర్వాత రిస్క్ రిజిస్టర్ వచ్చింది. తుపాన్ల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా. హోటళ్ళు చవగ్గా దొరికేదీ సరిగ్గా అప్పుడే. ఫైనాన్స్ వాళ్ళకి సెప్టెంబరు మహా ముద్దుగా కనిపించింది. 2017 సెప్టెంబరు 18న మరియా తుపాను కేటగిరీ 5 బలంతో ఆ దీవినే తాకింది. ప్రధానమంత్రి ఇంటి కప్పే ఎగిరిపోయింది, ఆ సంగతి ఆయనే ఫేస్‌బుక్‌లో రాశారు. ప్రపంచబ్యాంకు లెక్కన నష్టం దేశపు వార్షిక ఉత్పత్తికి రెండు రెట్లు దాటింది. ఈ మూడు వాక్యాలు చదివాక ఫైనాన్స్ వాళ్ళు ఫిబ్రవరికి ఒప్పుకున్నారు.

రిజిస్టర్‌లో ఏడో వరుస: "మడుగు మరగకపోతే?" వెక్కిరింపు కాదు. 2004 డిసెంబరులో నీటిమట్టం ఒక్కసారిగా పడిపోయి, మడుగు చల్లబడి, పని మానేసింది. మరుసటి ఏడాది తనంతట తానే డ్యూటీలో చేరింది. ప్లాన్ బి గడిలో ఆయన రాసింది: "మరిగేదాకా ఆగడం."

ఇక లాయర్లు. వాళ్ళకి సాహసం కావాలి, రిస్కు వద్దు. ఈ మాట వినగానే ఆయనకి రోసోలోని విండ్సర్ పార్క్ స్టేడియం గుర్తొచ్చింది. 2011 జులైలో అక్కడే టెస్టు మ్యాచ్ ఆఖరి రోజున ఇండియా 180 పరుగుల వేటకి దిగింది. ఇంకా 15 ఓవర్లున్నాయి, కావలసింది 86 పరుగులు, చేతిలో ఏడు వికెట్లు, క్రీజులో ద్రవిడ్, మన లక్ష్మణ్. అప్పటికే సిరీస్‌లో 1-0 ఆధిక్యం ఉందని ధోనీ డ్రాకి ఒప్పుకున్నాడు. తెలుగువాడెవడూ ఇంకా ఆ సాయంత్రాన్ని క్షమించలేదు గానీ, క్లయింటు లాయర్లకి చెబితే మాత్రం ధోనీకి వెంటనే ఉద్యోగమిచ్చేవాళ్ళు.

క్లయింటు అడిగిన వాటిలో ఒక్కటి ఆయన ససేమిరా అన్నాడు. పైరేట్స్ థీమ్ నైట్ కావాలన్నారు వాళ్ళు. పైరేట్స్ ఆఫ్ ది కరీబియన్ రెండో సినిమా 2005లో ఇక్కడే తీశారు మరి. ఆ సినిమాలో దీవి జనాన్ని నరమాంసభక్షకులుగా చూపించడాన్ని కలినాగో నాయకత్వం అప్పట్లోనే గట్టిగా తప్పుపట్టింది. తూర్పు తీరాన 1903లో ఏర్పడ్డ 3,700 ఎకరాల ప్రాంతంలో వాళ్ళిప్పటికీ ఉంటున్నారు. భూమి ఎవరి సొంతమూ కాదు, అందరిదీ. 2023లో దేశాధ్యక్షురాలైన సిల్వానీ బర్టన్ కూడా కలినాగోయే. అలాంటి ఊరి ముంగిట కంటికి నల్లగుడ్డ కట్టుకుని గెంతడమేమిటన్నాడు. దాని బదులు ఒక పూట అక్కడ కర్రపెండలం తురిమి, పిండేసి, రొట్టెలు కాల్చడం చూశారు. సేల్స్‌లో మొదటి ర్యాంకు వచ్చినాయన ఒక బుట్టకి బేరమాడబోయి, అల్లే ఆవిడ చేతుల కేసి కాసేపు చూసి, చెప్పిన ధరే ఇచ్చాడు.

చివరికి మడుగు రోజు. పొద్దున్నే టిటూ గార్జ్ దగ్గర బయల్దేరారు. రానూపోనూ ఆరు గంటలకు తక్కువ కాదు. దారంతా బురదమెట్లు, మధ్యలో బ్రేక్‌ఫాస్ట్ రివర్ అనే ఏరు. కొత్త తెల్లబూట్లు వేసుకొచ్చిన 11 మందిని అక్కడికే గుర్తుపట్టడం కష్టమైంది. తర్వాత వేలీ ఆఫ్ డెసొలేషన్. గంధకం కంపు, పసుపూ నారింజ రంగు రాళ్ళు, ఎక్కడ అడుగేసినా బుసకొట్టే నేల. గైడు సంచీలోంచి గుడ్లు తీసి, బుడగలొస్తున్న ఒక గుంటలో దింపాడు. కాసేపటికి పైకి తీసి, నల్లబారిన పెంకు వొలిచి ఒక్కొక్కరికీ అందించాడు. బడ్జెట్‌లో ఈ గుడ్ల లైనే లేదు. ట్రిప్పంతా అందరూ మెచ్చుకున్న భోజనం అదొక్కటే.

మడుగు గట్టు మీదికి చేరేసరికి ఎదురుగా తెల్లటి ఆవిరి తప్ప ఏమీ లేదు. కుతకుత శబ్దం మాత్రం వినిపిస్తోంది. ప్లానర్ 12 అడుగుల బ్యానరు విప్పించాడు. 48 మందీ దాని వెనక నిలబడ్డారు. ఫొటోలో తెల్లగోడ ముందు నిలబడ్డట్టున్నారు, ఏ ఆఫీసు మీటింగ్ హాల్లోనైనా దిగొచ్చు. అరగంట ఆగారు. ఆవిరి కదల్లేదు. ఇక లాభం లేదని బ్యానరు చుట్టి, సంచీలో పెట్టి, అందరూ వెనక్కి తిరిగాక గాలి మారింది.

గైడు ఒక్కడే చూశాడట. బాగుందన్నాడు.