ఆటో మోడ్ అధికారి గారికి బహిరంగ అర్జీ

మహారాజశ్రీ ఆటో మోడ్ గారి సముఖమునకు,

విషయం: ప్రమిద వెలుగులోనూ, జీరో బల్బు కిందా, ట్యూబ్‌లైటు నీడనూ ఇంటి ఫొటోలు తీసుకునే సామాన్యుల ఇబ్బందులు తీర్చమని కోరుతూ.

అయ్యా,

కెమెరా నెత్తిన ఉండే చక్రం మీద మిగతా అక్షరాలన్నీ తెల్లగా ఉంటే, చాలా కంపెనీల దగ్గర తమరొక్కరే ఆకుపచ్చగా ఉంటారు. ఆకుపచ్చ సిరాతో సంతకం చేసేది గెజిటెడ్ అధికారులని సర్టిఫికెట్ల నకళ్లు పట్టుకు తిరిగిన వాళ్లందరికీ తెలుసు కనుక, తమ హోదా మీద మాకు అనుమానం లేదు. పగటిపూట తమ పాలన మీద ఫిర్యాదూ లేదు. డాబా మీద వడియాలు, పెరట్లో మందారాలు, బడికి బయల్దేరుతున్న పిల్లలు అన్నీ తమ చేతి మీదుగా చక్కగానే వచ్చాయి. పేచీ అంతా పొద్దుగూకాకే.

మిట్టమధ్యాహ్నం ఎండ దాదాపు లక్ష లక్స్. రాత్రి హాల్లో ఎల్‌ఈడీ బల్బు వేసుకుంటే నూరు లక్స్, కాస్త అటూ ఇటూ. కొవ్వొత్తికి మీటరు దూరంలో కూర్చున్న మనిషి ముఖం మీద పడేది సుమారు 1 లక్స్. మన కన్ను ఈ మూడింటికీ సర్దుకుంటుంది, పైగా చీకటిని చీకటిగానే చూస్తుంది. తమరి ఆఫీసులో మాత్రం ఏ ఫైలొచ్చినా ఒకటే ముద్ర: బూడిదరంగు. ఎదుట ఉన్న దృశ్యం సగటున తన మీద పడ్డ వెలుగులో 18 శాతం తిప్పి పంపుతుందనే పాత లెక్క మీద లైట్ మీటర్లు పుట్టాయి. ఇప్పటి కెమెరాలు ముఖాలు గుర్తుపడతాయి, దృశ్యాన్ని ముక్కలుగా చేసి కొలుస్తాయి. అయినా మూలంలో ఉన్న ఆ బూడిద వ్యామోహం పోలేదు.

ఉదాహరణకు కార్తీక పౌర్ణమి రాత్రి. తులసికోట దగ్గర 365 వత్తుల కట్ట వెలుగుతోంది. పెద్దావిడ వంగి నమస్కరిస్తోంది. వెనక గోడ, పక్కన నీళ్ల డ్రమ్ము, ఆరేసిన తువ్వాళ్లు అన్నీ చీకట్లో కలిసిపోయి ఉన్నాయి. అదే ఆ దృశ్యం అందం. తమరు వచ్చి ‘ఇక్కడ వెలుగు చాలదు’ అని నోటు రాసి, అంతా పైకి లాగుతారు. గోడ బూడిదరంగులో తేలుతుంది, నీళ్ల డ్రమ్ము ప్రత్యక్షమవుతుంది, మంట కాస్తా తెల్లటి మచ్చ అవుతుంది. దీపాన్ని ఫొటో తీయబోతే డ్రమ్ము ఫొటో వచ్చింది. దీనికి మందు ప్లస్-మైనస్ గుర్తున్న బటన్‌లో ఉంది: మైనస్ 1, మంట చిన్నదై ఫ్రేములో చీకటే ఎక్కువైతే మైనస్ 2. మంటకు రంగు తిరిగొస్తుంది, డ్రమ్ము మళ్లీ చీకట్లోకి వెళ్తుంది. విచిత్రమేమిటంటే తమ ఏలుబడిలో ఉన్నంతసేపూ చాలా కెమెరాల్లో ఆ బటన్ పలకదు. సామాన్యుడు ‘కొంచెం తగ్గించండి’ అని చెప్పుకునే కిటికీకే తాళం వేశారన్న మాట. ఫోన్లు ఈ విషయంలో నయం. మంట మీద వేలు పెట్టి, పక్కన వచ్చే సూర్యుడి బొమ్మను కిందికి జరిపితే మాట వింటాయి.

రెండోది ఫ్లాష్. చీకటి పడగానే అడక్కుండా టక్కున లేచి నిలబడే తమరి ఈ బంట్రోతు మీద మాకు పాత కక్ష ఉంది. లెన్సు పక్కనుంచే సూటిగా కొట్టే వెలుగు ముఖాన్ని చదును చేస్తుంది, నుదుటి మీద నూనె మెరుపు తెస్తుంది, వెనక గోడ మీద నల్లటి నీడ అంటిస్తుంది, కంటి వెనక రెటీనాకు తగిలి తిరిగొచ్చి కళ్లను ఎర్రగా చేస్తుంది. బొమ్మల కొలువులో ముందు మెట్టు మీది కొండపల్లి బొమ్మలు సున్నం కొట్టినట్టు తెల్లబోతే, పై మెట్టు మీది దేవుళ్లకు వెలుగే అందదు. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుందన్న సంగతి పాపం ఆ బంట్రోతుకు తెలియదు.

దీనికి విరుగుడు డెబ్బై ఏళ్ల నాడే మన దేశంలోనే దొరికింది. సత్యజిత్ రాయ్ ‘అపరాజితో’ (1956) కోసం కాశీలోని ఇంటి వాకిలిని కలకత్తా స్టూడియోలో సెట్టు వేశారు. ఆకాశం నుంచి జారే నీడలేని వెలుగు కావాలి. ఛాయాగ్రాహకుడు సుబ్రతా మిత్రా సెట్టు మీద తెల్లగుడ్డ పరిపించి, లైట్లను కిందినుంచి దాని మీదికి కొట్టించాడు. గుడ్డ మీద పడి తిరిగొచ్చిన వెలుగు మెత్తగా నటుల మీద పరుచుకుంది. ఇదే పనిని ఇంట్లో తెల్ల సీలింగు చేస్తుంది. తల తిప్పగలిగే ఫ్లాష్‌ను పైకి తిప్పి కొడితే చాలు. ఫ్లాషే లేదంటే టేబుల్ ల్యాంపును గోడవైపు తిప్పి, ఆ గోడకు ఉతికిన పంచె ఒకటి వేలాడదీయండి. గోడకు మాత్రం జాగ్రత్త. పెళ్లికని మిఠాయి గులాబీ రంగు కొట్టించిన గోడ మీదినుంచి తిరిగొచ్చే వెలుగు పెళ్లికూతురికి గులాబీ జ్వరం తెప్పిస్తుంది.

ఇక అసలు నేరం. ఫ్లాష్ ఆపితే తమరు షట్టర్‌ను సెకనులో పదిహేనో వంతు దాకా సాగదీస్తారు. కుర్చీలో కదలకుండా కూర్చున్న తాతగారికది సరిపోతుంది. హాలంతా పరిగెత్తే రెండేళ్ల పిల్లకు కనీసం 1/125 కావాలి. అంత వేగం ఇవ్వాలంటే ఐఎస్ఓ పెంచాలి, పెంచితే ఇసుక చల్లినట్టుండే గ్రెయిన్ వస్తుందని తమరి భయం. ఈ భయాన్ని కెమెరా కొన్నవాళ్లందరికీ అంటించారు. నిజానికి గ్రెయిన్ ఐఎస్ఓలో పుట్టదు, వెలుగు తక్కువవడంలో పుడుతుంది. వెలుగు విడివిడి రేణువులుగా వస్తుంది. సెన్సర్‌లో ఒక గడిలో 10,000 ఫోటాన్లు పడితే అందులో సహజమైన హెచ్చుతగ్గు 100, అంటే 1 శాతం. నూరే పడితే హెచ్చుతగ్గు 10, అంటే 10 శాతం. ఐఎస్ఓ పెంచడమంటే ఆ కాస్త వెలుగునూ పెద్దది చేసి చూపించడమే. గ్రెయిన్ ఉన్న ఫొటోలో పిల్ల నవ్వు నవ్వుగానే ఉంటుంది. షేక్ అయిన ఫొటోలో పిల్లే ఉండదు. 3200 అయినా 6400 అయినా పెంచండి, భరిస్తాం. మేం భరించలేనిది ఆ గ్రెయిన్‌ను చెరపబోయి తమరు చేసే నున్నన. బామ్మ ముఖం మీది ముడతలు పోతాయి, కంచి పట్టుచీర జరీ ప్లాస్టిక్ అంచు అవుతుంది. ఎనభై ఏళ్లు బతికి సంపాదించుకున్న ముడతల్ని తీసేసే అధికారం తమకెవరిచ్చారు?

మధ్యలో ఒక మాట. చీకటిని గెలవడానికి మెగాపిక్సెళ్లు కొనకండని పాఠకులకు నా సలహా. ఉన్న డబ్బు లెన్సు మీద పెట్టండి. కెమెరాతో పాటు వచ్చే 18-55 లెన్సును పూర్తిగా జూమ్ చేస్తే ఎఫ్ 5.6 కన్నా ఎక్కువ తెరుచుకోదు. ఎఫ్ 1.8 లెన్సు దానికి దాదాపు పదిరెట్ల వెలుగు లోపలికి రానిస్తుంది. చవగ్గా దొరికేది 50 ఎంఎం. కానీ చిన్న సెన్సర్ కెమెరాకు తగిలిస్తే రెండు గదుల ఇంట్లో గోడకు వీపు ఆనించినా ఫ్రేములో ఒక్క ముఖమే పడుతుంది. ఇంటికి 35 ఎంఎం నయం. దగ్గరనుంచి తీస్తే ఒక కన్ను స్పష్టంగా, రెండోది మసగ్గా రావడం ఈ లెన్సులకు అలవాటు కనుక ఫోకస్ దగ్గరి కంటి మీద ఉంచాలి.

రంగుల శాఖ కూడా తమరి కిందే ఉంది. ప్రమిద మంట రంగు ఉష్ణోగ్రత సుమారు 1,900 కెల్విన్. కూల్ డేలైట్ ట్యూబ్‌లైటు పెట్టె మీద 6,500 అని అచ్చేసి ఉంటుంది. రెండూ వెలుగుతుంటే సగం ముఖం పసుపు, సగం నీలం. తమరేమో మధ్యేమార్గం వెతికి రెండింటినీ పాడుచేస్తారు. ఒక్క దీపమే ఉన్నా దాని పసుపును రోగమనుకుని వైద్యం చేస్తారు. మా మటుకు ఇంట్లో అన్నిటికన్నా ముఖ్యమైన కెమెరా బటన్ గోడ మీది స్విచ్‌బోర్డులో ఉంది: ట్యూబ్‌లైటు ఆర్పేది. మన కరెంటు 50 హెర్ట్జ్ కనుక చవక లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుతాయని, వాటి కింద షట్టర్ మరీ వేగంగా పెడితే ఫొటోలో చారలు పడతాయని, 1/50 గానీ 1/100 గానీ పెడితే ఆ బెడద చాలామటుకు తప్పుతుందని కూడా దస్త్రంలో నమోదు చేయగలరు.

తమరి డిప్యూటీ నైట్ మోడ్ గారి ప్రతిభను మేం కాదనం. 2018లో గూగుల్ పిక్సెల్ ఫోన్లలో, మరుసటేడు ఐఫోన్ 11లో చేరిన ఈ యువ అధికారి ఒకే దృశ్యాన్ని పలుమార్లు తీసి ఒకదాని మీద ఒకటి పేరుస్తారు. పదహారు పేరిస్తే గ్రెయిన్ నాలుగో వంతుకు దిగుతుంది, అది నిఖార్సయిన గణితం. కానీ కదిలే పిల్లకు ఆయన దగ్గర కూడా జవాబు లేదు, పైగా అర్ధరాత్రిని సాయంత్రం ఆరుగంటలుగా మార్చే దురలవాటు తమరినుంచే వచ్చింది. ‘మాయాబజార్’ (1957)లో మార్కస్ బార్ట్లే తెచ్చిన వెన్నెల ఇప్పటికీ వెన్నెలలాగే ఉంది. ‘గీతాంజలి’ (1989)లో పి.సి. శ్రీరామ్ ముఖాలను సగం నీడలో వదిలేస్తే జనం టికెట్ కొని చూశారు. నీడను చూసి భయపడే ప్రేక్షకులం మేం కాము.

కావున తమరు దయతో ఆలోచించి, తమ గడిలో కూడా మైనస్ బటన్ పనిచేసేలా, ఫ్లాష్ మమ్మల్ని అడిగే లేచేలా, ముఖం కదులుతుంటే షట్టర్ 1/125 కన్నా దిగకుండా, దీపాన్ని పసుపుగా, బామ్మను బామ్మగా ఉంచేలా ఉత్తర్వులు జారీ చేయగలరని ప్రార్థన.

ఇట్లు,
తమ పరిపాలనలోని ఒక రాత్రిపూట పౌరుడు

నకలు: కెమెరా ఉన్న పాఠకులందరికీ. ఉత్తర్వులు వచ్చేదాకా ఆగనక్కర్లేదు. చక్రాన్ని మైనస్ బటన్ పలికే పీ అక్షరం దగ్గరకు తిప్పి, మైనస్ 1 పెట్టి, కెమెరాను కందిపప్పు సంచి మీద కుదురుగా ఆనించి, రెండు సెకన్ల టైమర్‌తో ఈ రాత్రే మీ దేవుడి గూట్లో దీపాన్ని తీసి చూడండి.