రూట్ బావ

వీసాల బాలాజీ చిలుకూరు హైదరాబాద్ పక్కన ఉంటుంది. మాది కోదాడ పక్క చిలుకూరు. అక్కడి దేవుడు అడిగితే వీసా ఇస్తాడంటారు. ఇక్కడి రూట్ బావ ఎంత అడిగినా పాస్‌వర్డ్ ఇవ్వడు.

బావ తాళంచెవి రాత్రీ పగలూ బండికే వేలాడుతుంటుంది. బ్యాంకు ఓటీపీ వస్తే, కళ్లజోడు లేదని చాయ్ హోటల్లో పక్కవాడితో పైకి చదివిస్తాడు. కానీ టీవీ వెనక అట్టపెట్టెలోని రాస్ప్‌బెర్రీ పై జోలికి మాత్రం ఎవరూ పోవద్దు. అరచేతిలో పట్టే ఆ కంప్యూటర్ చేసేదల్లా వాకిట్లో కెమెరా రికార్డు చేయడం, పెళ్లి ఫొటోలు దాచడం.

2012లో వచ్చిన ఆ బోర్డుకు పదేళ్లపాటు యూజర్ పేరు ‘పై’, పాస్‌వర్డ్ ‘రాస్ప్‌బెర్రీ’. లోకమంతటికీ అదే. 2022 ఏప్రిల్‌లో ఆ యూజర్‌ను తీసేశారు గానీ, బావ మెమరీ కార్డులో మాత్రం ‘సుడో’ అని ముందు పెడితే చాలు, ఏ కమాండైనా ‘రూట్’ అనే సర్వాధికారి హోదాలో, పాస్‌వర్డ్ అడగకుండా నడిచేది. ఓ రోజు సెట్టింగుల ఫైల్లో ‘నోపాస్‌వర్డ్’ అనే మాట బావ కంట పడింది. ఆ పూట అన్నం సయించలేదు. ఆ ఫైలు దిద్దే ‘విసుడో’ కమాండ్‌తో దాన్ని తెరిచి ఆ మాట పీకేశాడు.

అప్పట్నుంచి కంప్యూటర్ నువ్వెవరని తననే అడుగుతుంటే మురిసిపోతున్నాడు. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు తెరమీద చుక్క కూడా పడదు. “అక్షరాలు పడ్తలేవు, కీబోర్డు పోయినట్టుంది” అంటుంది అక్క. “పడొద్దే! అదే సెక్యూరిటీ” అంటాడు. ఒకసారి సరిగ్గా కొడితే 15 నిమిషాల దాకా మళ్లీ అడగదు. ఆ సౌకర్యం బావకు నచ్చలేదు. “ఈలోపల నేను బాత్రూముకు పోతే?” అని దాన్ని సున్నా చేశాడు. 1980 ప్రాంతంలో అమెరికాలోని బఫెలో యూనివర్సిటీలో, ఒకే యంత్రాన్ని ఎందరో వాడుకునే రోజుల్లో పుట్టింది సుడో. బావ ఇంట్లో ఉండేది ముగ్గురు.

కొడుక్కి అధికారం లేని అకౌంట్ ఇచ్చాడు. వాడు సుడో కొడితే అది కంప్యూటర్ రాసుకునే చిట్టాలోకి, అంటే లాగ్‌లోకి ఎక్కుతుంది. పొద్దున్నే బావ పేపరుకంటే ముందు ఆ లాగ్ చదువుతాడు.

బావ తరఫున ఒక మాట చెప్పాలి. నెట్లో దొరికిన ఏదో స్క్రిప్టు మన పేరుతో నడుస్తూ చాటుగా సుడో వాడబోతే, పాస్‌వర్డ్ దగ్గర ఆగిపోతుంది. అంతమటుకు ఆయన చాదస్తానికి అర్థం ఉంది.

మొన్న ఆ పాస్‌వర్డ్ బావే మర్చిపోయాడు. మూడుసార్లు తప్పు కొట్టాక సుడో కూడా చేతులెత్తేసింది. కొడుకు మెమరీ కార్డు పీకి, లాప్‌టాప్‌లో పెట్టి ఒక లైను మార్చి, తిరిగి బోర్డులో పెట్టి కొత్త పాస్‌వర్డ్ వేసిచ్చాడు.

“పాతది అడగలేదారా నిన్ను?”

“లేదు నాయినా. కార్డు చేతిలో ఉంటే అడగదు.”

సాయంత్రానికల్లా కోదాడ నుంచి ఇనప డబ్బా, తాళంకప్ప వచ్చాయి. అందులో తన గొలుసు కూడా పెడతానని అక్క తాళంచెవి అడిగింది.

“నీకెందుకే? ఏం పని ఉందో చెప్పు, నేనే తీసిస్త.”